నిశ్చితార్థపు ఉంగరంలో రాయి కదిలితే...

వేలికి తొడిగి నెల తిరగలేదు, వజ్రం లొడలొడమంటోంది. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో షాపుకు వెళ్లే ఆలోచన కంటే ముందు విషయం దాచే ప్రయత్నం మొదలవుతుంది. అవతలివాళ్లకు తెలిస్తే ఏమనుకుంటారోనన్న భయం. దాచిన ప్రతి రోజూ అడిగే హక్కు బలహీనపడుతుంది.

అపోహ: రాయి ఊడితే అపశకునం. కాదంటే అమ్మాయి జాగ్రత్త లేనిది.

వాస్తవం: ఎక్కువ ఉంగరాల్లో వజ్రాన్ని పట్టి ఉంచేవి నాలుగో ఆరో సన్నని బంగారు కొసలు. షాపుల్లో వీటిని ప్రాంగ్స్ అంటారు. రాయి పొదిగే పనివాడు ఒక్కో ప్రాంగు లోపలి వైపు చిన్న గాడి కోసి, రాయి అంచును అందులో కూర్చోబెట్టి, కొసను రాయి మీదికి వంచి నొక్కుతాడు. గాడి చాలకపోతే రాయి నిలవదు. మరీ లోతైతే ప్రాంగు అక్కడ సన్నబడి ఎప్పుడో విరుగుతుంది. గాడులన్నీ ఒకే ఎత్తులో లేకపోతే రాయి ఒక పక్కకు ఒరుగుతుంది. నగల షాపులో ఉండే పది రెట్ల భూతద్దంతో చూస్తే ఒరిగిన రాయి, దానికి ఆనకుండా పైకి లేచిన కొస మనకే తెలిసిపోతాయి. ఇందులో శకునం ఎక్కడుంది? గట్టి దెబ్బేమీ తగలకుండా కొద్ది వారాల్లోనే రాయి కదిలిందంటే ముందుగా అనుమానించాల్సింది పనితనాన్నే. ఆ నింద పెళ్లికూతురి మీద వేయడం అన్యాయం. ఏళ్ల తరబడి వాడిన ఉంగరం సంగతి వేరు, అక్కడ ప్రాంగు కొసలు సహజంగానే అరుగుతాయి.

అపోహ: హాల్‌మార్క్ ఉంది, వజ్రానికి సర్టిఫికెట్ ఉంది. ఇంకేం భయం?

వాస్తవం: హాల్‌మార్క్‌లో ఉండే బీఐఎస్ గుర్తు, స్వచ్ఛత అంకె (18 క్యారెట్లకు 750), ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ, ఈ మూడూ బంగారం ఎంత స్వచ్ఛమైనదో చెబుతాయి. జీఐఏ, ఐజీఐ లాంటి సంస్థల సర్టిఫికెట్ వజ్రం బరువు, రంగు, స్వచ్ఛత లాంటివి చెబుతుంది. రాయిని ఎంత గట్టిగా పొదిగారన్న హామీ రెండింటిలోనూ లేదు. దాన్ని కొనేటప్పుడే మనం చూసుకోవాలి. ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తట్టండి, టిక్కుటిక్కుమంటే రాయి వదులైనట్టే. దూదితో పైన తుడవండి, పోగులు చిక్కుకుంటే ఏదో కొస లేచి ఉన్నట్టు. బంగారం ధర పెరిగేకొద్దీ తేలికపాటి ఉంగరాలకు గిరాకీ పెరిగింది. ఖర్చు తగ్గించుకోవాలంటే రాయి సైజు తగ్గించుకోండి గానీ ప్రాంగులు, ఉంగరం చుట్టు పల్చగా ఉన్నవి మాత్రం తీసుకోకండి. వంగిన చుట్టుతో పాటే రాళ్లూ వదులవుతాయి.

అపోహ: వజ్రం అన్నిటికంటే గట్టిది, కదిలినా దానికేం కాదు.

వాస్తవం: మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 10. అంటే సులభంగా గీతలు పడవని అర్థం. దెబ్బ తగిలితే మాత్రం అంచు పెచ్చు లేవొచ్చు. రాయి కదులుతున్న ఉంగరాన్ని తీసి విడిగా చిన్న డబ్బాలో పెట్టండి.

అపోహ: చుక్క గమ్ వేస్తే సరి.

వాస్తవం: గమ్ లోపాన్ని దాచిపెడుతుంది, అంతే. కొన్నాళ్లకు అది ఊడిపోతుంది, రాయి ఎక్కడ పడిందో కూడా తెలియదు. షాపువాళ్లు అలా అతికించి ఇచ్చినా ఒప్పుకోకండి. ఇంకో మాట: కొన్నచోట చూపించకముందే బయట రిపేరు చేయించొద్దు. బయటివాళ్లు పాడుచేశారని తప్పించుకోవడానికి షాపువాళ్లకు అవకాశం దొరుకుతుంది. కావాలంటే అనుభవమున్న మరో పనివాడికి చూపించి అభిప్రాయం మాత్రం రాయించుకోండి.

అపోహ: రిపేరుకిస్తే రాయి మార్చేస్తారు.

వాస్తవం: ఈ భయంతో రాయి కదిలే ఉంగరాన్నే ఏళ్లపాటు పెట్టుకు తిరిగేవాళ్లున్నారు. సర్టిఫికెట్ ఉన్న చాలా వజ్రాల నడుము అంచు మీద లేజర్‌తో నంబరు చెక్కి ఉంటుంది. ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు ఆ నంబరును మీ కళ్ల ముందే చూపించమనండి. ఉంగరం బరువు, రాళ్ల సంఖ్య, లోపం ఏమిటన్నది రసీదులో రాయించుకోండి. ఫొటోలు తీసి పెట్టుకోండి.

అపోహ: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీదే ఉంది కదా, ఇక చేసేదేముంది?

వాస్తవం: ఆ వాక్యం లోపమున్న వస్తువుకు రక్షణ కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. అందుకే రాయి కదిలిందని తెలిసిన రోజే వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో షాపుకు రాయండి. ఒకసారి బిగించాక మళ్లీ కదిలితే ఇంకో రిపేరుకు ఒప్పుకోకండి, కొత్త ఉంగరమో డబ్బో అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు.