పెరట్లో చెట్టు... పాలసీలో ఉందా?

పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు, ఓ నుయ్యి, గేటు దగ్గర కుక్క... విశాఖలో సొంతిల్లంటే అంతకన్నా ఏం కావాలి! కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విరుచుకుపడినప్పుడు, ఏళ్ల తరబడి నీడనిచ్చిన చెట్లే ఇళ్లమీదా ప్రహరీలమీదా కూలాయి.

ఇలాంటి నష్టాలకు బీమా ఉంది. 2021 ఏప్రిల్‌ 1 నుంచి ఇళ్లకు బీమా చేసే కంపెనీలు 'భారత్‌ గృహ రక్ష' పాలసీని తప్పనిసరిగా అందించాలని ఐఆర్‌డీఏఐ నిర్దేశించింది. అగ్నిప్రమాదం, తుపాను, వరదలకే కాదు, చెట్టు విరిగిపడి ఇల్లు దెబ్బతిన్నా పరిహారం వస్తుంది. ప్రహరీ, గేటు, నీళ్లట్యాంకు, సోలార్‌ పలకలు కూడా ఇంట్లో భాగమే. ఇంటికి చేసిన బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు సామాన్లకూ వర్తిస్తుంది.

మరి మీ చెట్టు పక్కింటిమీద పడితే? మీ పాలసీ మీ ఇంటికే. చెట్టు పుచ్చిందని తెలిసీ కొట్టించకపోతే, అది మీ నిర్లక్ష్యమేనంటూ పక్కింటివారు పరిహారం అడగొచ్చు. మూతలేని నూతిదీ అదే కథ.

కుక్క సంగతి మరీ జాగ్రత్త. అది ఎవరికీ హాని చేయకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్‌ కింద ఆర్నెల్ల దాకా జైలు, 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ శిక్షకు ఏ బీమా అడ్డురాదు. కరిపించుకున్నవారికి ఇవ్వాల్సిన పరిహారానికి మాత్రం 'థర్డ్‌ పార్టీ లయబిలిటీ' రక్షణ ఉన్న పాలసీ విడిగా తీసుకోవాలి. పెంపుడు జంతువుల బీమా పాలసీలు కొన్నింట్లో ఇదీ ఉంటుంది.

ఈ ఆదివారం ఓసారి పెరట్లోకి వెళ్లి చూడండి. ఎండుకొమ్మలు కొట్టించండి. నూతికి ఇనుప వల వేయించండి. కుక్కకు రేబిస్‌ టీకా వేయించి, ఆ చీటీని పాలసీ పక్కనే భద్రపరచండి. బీమా డబ్బిస్తుంది, పక్కింటి పసివాడి ప్రాణానికి భరోసా మాత్రం మీరే!