లేచి నిలబడే వేళ

రోగి పడక దిగగానే గండం గడిచిందని మనం ఊరట చెందుతాం. అయితే ఆ ఘడియలోనే అసలు జాగ్రత్త అవసరమని అమెరికా నర్సింగ్ శాస్త్రవేత్త క్రిస్టీన్ కాస్పర్ పరిశోధన తెలుపుతుంది. బరువు మోయని కండరం రోజురోజుకూ క్షీణిస్తుంది. వ్యోమగాములకూ ఇదే సమస్య. ఎలుకల వెనుక కాళ్లను కొంతకాలం నేలకు ఆననీయకుండా ఉంచి, కోలుకునే దశలో పరుగెత్తించగా, బలహీనపడిన కండరాలు తాత్కాలికంగా గాయపడ్డాయని ఆమె బృందం 1990లో వెల్లడించింది. తర్వాతి కాలంలో సైనికుల కండరాల్లో మిగిలిపోయే లోహపు తునకల ప్రభావాన్నీ ఆమె పరిశోధించారు.

కండరం తిరిగి పుంజుకోగలదు; అందుకు వ్యవధి కావాలి. మంచం పట్టి లేచిన తల్లిదండ్రులను పడకకే పరిమితం చేయడమూ తగదు, ఒక్కసారిగా నడిపించడమూ తగదు. వైద్యుల సలహాతో, మన భుజం ఆసరాగా ఇచ్చి, మెల్లమెల్లగా నడిపిద్దాం.