ట్రాక్టరు హైడ్రాలిక్ లిఫ్టును సరిగా అమర్చుకొనుట ఎట్లు?

కల్టివేటరు లోతు దిగుటలేదని దానిపై రాళ్ళు పేర్చుట, ఒక ప్రక్క చాలు లోతుగాను మరియొక ప్రక్క పైపైనను పడుట, రోటావేటరును ఎత్తగానే ముందు చక్రములు తేలిపోవుట మన పొలములలో తరచు కనిపించు విషయములే. ఇట్టి సందర్భములలో రైతులు ఇంజనుకు బలము చాలలేదని అనుకొందురు. చాలసార్లు లోపము ఇంజనులో ఉండదు. ట్రాక్టరు వెనుకనున్న మూడు లింకులను, వాటిని ఎత్తి దించు హైడ్రాలిక్‌ను పనికి తగినట్లు అమర్చకపోవుటయే కారణము. 20 నుండి 30 అశ్వశక్తిగల చిన్న ట్రాక్టరు ఉన్నవారికి ఈ విషయము మరింత ముఖ్యము. శక్తి తక్కువగా ఉన్నచోట వృథాకు తావుండరాదు గదా!

మూడు లింకుల ఏర్పాటు ఎందుకు వచ్చినది?

తొలి రోజులలో ట్రాక్టరు తన వెనుక నాగలిని బండివలె లాగెడిది. నాగలి రాతికిగాని, వేరుకుగాని తగులుకొన్నపుడు చక్రములు తిరుగుటకు వీలులేక ట్రాక్టరు ముందు భాగము పైకి లేచి, నడపువానిమీదనే తిరుగబడెడిది. ఐర్లండు దేశీయుడైన హ్యారీ ఫెర్గూసన్ ఈ చిక్కును తొలగించుటకు పనిముట్టును మూడుచోట్ల పట్టి ట్రాక్టరుతో ఒకటిగా చేయు పద్ధతిని రూపొందించి, 1926లో బ్రిటిష్ పేటెంటు పొందెను. 1939లో వచ్చిన ఫోర్డు 9ఎన్ ట్రాక్టరుతో ఈ పద్ధతి విస్తారముగా వ్యాపించినది. నేడు మనము వాడుచున్న ట్రాక్టర్లన్నిటికిని ఇదియే మూలము.

క్రింది రెండు లోయర్ లింకులు పనిముట్టును లాగును. పైనున్న టాప్ లింకు దానిని వెనుకనుండి ఆనుకొని నిలుపును. నాగలి నేలలో ఆగిపోయినపుడు దాని పైభాగము ముందుకు ఒరుగజూచును. ఆ ఒత్తిడి టాప్ లింకు ద్వారా ట్రాక్టరును ముందుకు నెట్టి, ముందు చక్రములు లేవకుండ కొంతవరకు అడ్డుకొనును. పనిముట్టు బరువు, మట్టి బరువులో కొంత భాగము వెనుక చక్రములపై పడి పట్టు పెరుగును. తేలికైన ట్రాక్టరు కూడ బరువైన పని చేయుటలోని రహస్యమిదియే.

నూనె చేయు పని

ఇంజనుతో తిరుగు పంపు నూనెను ఒత్తిడితో సిలిండరులోనికి పంపును. అందలి పిస్టను కదలి పై చేతులను ఎత్తును. చేతులకు వ్రేలాడు లిఫ్టు రాడ్లు లోయర్ లింకులను లేవనెత్తును. లివరును దించినపుడు నూనె వెనుకకు పోవును. పనిముట్టు తన బరువుతోనే క్రిందికి దిగును.

ఇచట ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. సాధారణముగా ట్రాక్టరు లిఫ్టు ఎత్తునేగాని నేలలోనికి నొక్కదు. నాగలి లోతునకు పోవుట కర్రు వాలునుబట్టి, పదునునుబట్టి, పనిముట్టు బరువునుబట్టి జరుగును. లివరును ఎంత క్రిందికి త్రోసినను మొండి కర్రు లోతు దిగదు. రాళ్ళు పెట్టుటవలన పని కొంత జరిగినట్లు కనిపించినను, మలుపులో ఎత్తినపుడు ఆ బరువంతయు లిఫ్టుపై పడి ముందు భాగము తేలిపోవును. అరిగిన కర్రులను మార్చుట, టాప్ లింకును సరిచేయుట, నేలలో తగిన పదను ఉన్నపుడు దున్నుట దీనికి సరియైన మార్గములు.

పొజిషన్ కంట్రోలు, డ్రాఫ్టు కంట్రోలు

పొజిషన్ కంట్రోలులో లివరు ఎచట నిలిపిన, లింకులు ఆ ఎత్తుననే ఆగును. రోటావేటరు, మందు చల్లు యంత్రము, దమ్ముచేయు పనిముట్లు, గుంతలు త్రవ్వు యంత్రము మొదలగువాటికి ఇది తగినది. కాని నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట దీనితో నాగలి దున్నినచో, ముందు చక్రము గట్టు ఎక్కినపుడు వెనుక నాగలి మరింత లోతునకు దిగును. చక్రము గుంటలో దిగినపుడు నాగలి పైకి వచ్చును.

డ్రాఫ్టు కంట్రోలులో హైడ్రాలిక్ చూచునది ఎత్తును కాదు, లాగుడు బరువును. ఎడ్ల నాగలి పట్టిన రైతుకు ఇది తెలియని విద్య కాదు. గట్టి పెళ్ళ తగిలినపుడు మేడిపై చేతి బరువు కొంచెము సడలించి, మెత్తని నేల రాగానే మరల నొక్కుచుండును. చాల ట్రాక్టర్లలో టాప్ లింకు వద్దనున్న స్ప్రింగు ఈ పని చేయును. బరువు పెరిగినపుడు స్ప్రింగు నొక్కుకొని వాల్వు తెరచుకొనును. నాగలి కొంచెము లేచును. బరువు తగ్గగానే మరల దిగును. రెక్క నాగలికి, డిస్కు నాగలికి, కల్టివేటరుకు ఇది అనుకూలము. నల్లరేగడి భూములలో ఒకచోట గట్టిగాను, మరియొకచోట మెత్తగాను ఉన్నపుడు లోతులో కొంత హెచ్చుతగ్గు వచ్చును. అయినను ఇంజను మూల్గదు, చక్రములు వృథాగా తిరుగవు.

ట్రాక్టరు నిలిచియున్నపుడు డ్రాఫ్టు లివరును దించినచో, లాగుడు బరువు లేదు గనుక పనిముట్టు మధ్యలో ఆగక నేలవరకు దిగిపోవును. దగ్గరలో మనుష్యులు ఉండరాదు. ఒక లివరును వాడునపుడు రెండవది ఎచట ఉండవలెనో కంపెనీనిబట్టి మారును; ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకము చూడుడు. కొన్ని చిన్న ట్రాక్టర్లకు పొజిషన్ కంట్రోలు మాత్రమే ఉండును. అట్టివారు లోతు చక్రముగల పనిముట్టును ఎన్నుకొనుట మేలు. లోతు చక్రములున్న విత్తు గొర్రు వంటివాటిని వాడునపుడు లివరును పూర్తిగా దించి, చక్రములనే లోతు నిర్ణయింపనీయవలెను.

పనిముట్టును తగిలించు వరుస

సమతలమైన నేలపై మొదట ఎడమ లోయర్ లింకును, పిమ్మట కుడి లింకును, చివర టాప్ లింకును తగిలింపవలెను. కుడి లిఫ్టు రాడ్డుకు సర్దు మర ఉండుటచే ఆ ప్రక్క రంధ్రమును కలుపుట సులభము. విప్పునపుడు టాప్ లింకును ముందు, ఎడమ లింకును చివర తీయవలెను. చిన్న ట్రాక్టర్లలో సాధారణముగా లోయర్ లింకు పిన్ను 22 మి.మీ., టాప్ లింకు పిన్ను 19 మి.మీ. ఉండును. పెద్ద ట్రాక్టరు పనిముట్లకు ఇవి 28, 25 మి.మీ. కొలతలు. సన్నని పిన్నును పెద్ద రంధ్రములో వదులుగా పెట్టిన రెండును అరుగును. తగిన బుష్ వేసికొనవలెను. బోల్టు ముక్కలను, ఇనుప చువ్వలను పిన్నులుగా వాడరాదు.

సర్దుబాట్లు

1. ప్రక్కలు సమానము చేయుట: కల్టివేటరుకు రెండు లిఫ్టు రాడ్లు సమానముగా ఉండవలెను. రెక్క నాగలితో దున్నునపుడు కుడి చక్రములు చాలులో నడచును గనుక ట్రాక్టరు కుడికి ఒరుగును. నాగలి చట్రము నేలకు సమముగా ఉండుటకు కుడి లిఫ్టు రాడ్డును పొట్టి చేయవలెను. 15 సెం.మీ. లోతు దున్నదలచినచో, ఇంటివద్దనే ఎడమ చక్రములను 15 సెం.మీ. మందముగల దిమ్మలపైకి ఎక్కించి, నాగలిని సమము చేసికొనవచ్చును. పొలములో స్వల్పముగా దిద్దుకొనిన చాలును.

2. టాప్ లింకు: దీనిని పొట్టి చేసిన కర్రు మొన క్రిందికి వాలి త్వరగా దిగును. పొడవు చేసిన మొన లేచి పైపైన నడచును. నాగలి స్థిరముగా నడచునపుడు ప్రక్కనుండి చూచినచో చట్రము నేలకు సమాంతరముగా కనిపింపవలెను. నాగలి మడమ గాలిలో లేచి ముక్కుతో త్రవ్వుచున్నచో టాప్ లింకు మరీ పొట్టిగా ఉన్నదని గ్రహింపవలెను. కల్టివేటరు ముందు వరుస కొర్రులు లోతుగాను, వెనుకవి తేలికగాను పోవుచున్నను కారణమిదియే. రోటావేటరుకు టాప్ లింకు మార్చిన గేరుబాక్సు వాలు మారి, పి.టి.ఓ. షాఫ్టు కీళ్ళపై ఒత్తిడి పడును. పనిలో ఆ షాఫ్టు వీలైనంత తిన్నగా ఉండవలెను. మలుపులో ఎక్కువ ఎత్తు ఎత్తునపుడు పి.టి.ఓ.ను ఆపవలెను.

3. చెక్ చైన్లు: నాగలికి ప్రతి ప్రక్క సుమారు 5 సెం.మీ. ఊగుటకు వదులు ఉంచవలెను. విత్తు గొర్రు, అంతరకృషి పనిముట్లు, రోటావేటరు ఊగరాదు; బిగింపవలెను. ప్రత్తి సాళ్ళలో గొర్రు ఊగిన కలుపుతోపాటు మొక్కయు పోవును.

4. దించు వేగము: సీటు వద్దనున్న చిన్న మరను బిగించిన పనిముట్టు నెమ్మదిగా, వదులు చేసిన వేగముగా దిగును. బరువైన పనిముట్టు దబ్బున పడిన చట్రము వంగును. చాల ట్రాక్టర్లలో ఈ మరను పూర్తిగా మూసిన పనిముట్టు పైననే నిలుచును. రోడ్డుపై పోవునపుడు ఇట్లు చేయవలెను.

సర్దిన పిమ్మట 20 అడుగులు దున్ని, దిగి, మూడుచోట్ల కొలబద్దతో లోతు చూడుడు. ఒకసారి ఒక సర్దుబాటునే మార్చుడు. అన్నిటిని ఒక్కసారిగా కదిపిన ఏది లోపమో తెలియదు.

ఎంత బరువు ఎత్తవచ్చును?

పుస్తకములో చెప్పిన ఎత్తుశక్తిని చూచి మోసపోరాదు. పరీక్షలలో బరువును లింకు చివరలకు 610 మి.మీ. వెనుక ఉంచి కూడ కొలుతురు. పనిముట్టు బరువు అంతకంటె వెనుకకు జరిగినకొలది ఎత్తగల బరువు తగ్గును. పనిముట్టును ఎత్తినపుడు ట్రాక్టరు బరువులో కనీసము 5వ వంతు ముందు చక్రములపై నిలువవలెను. 900 కిలోల ట్రాక్టరైనచో 180 కిలోలు. పనిముట్టును ఎత్తి, ముందు చక్రములను మాత్రము వే బ్రిడ్జిపై నిలిపిన ఈ లెక్క తేలును. చాలనిచో ముందు బరువులు తగిలింపవలెను, లేదా చిన్న పనిముట్టు కొనవలెను.

లోపములు - కారణములు

లిఫ్టు నెమ్మదిగా గాని, కుదుపులతో గాని లేచినచో మొదట నూనె చూడుడు. ట్రాక్టరును సమతలమున నిలిపి, లింకులను దించి కొలువవలెను. నూనె సరిగా ఉన్నచో వడపోత జల్లెడ మూసికొనియుండవచ్చును, లేదా గొట్టములో గాలి చేరియుండవచ్చును. నూనె పాలవలె తెల్లబడిన నీరు కలిసినదని అర్థము. దమ్ము పనిచేయువారు దీనిని గమనించుచుండవలెను. ఇంజను ఆపిన వెంటనే పనిముట్టు దిగిపోవుచున్నచో సిలిండరు సీలు గాని, వాల్వు గాని అరిగినదని తలపవలెను. రిలీఫ్ వాల్వును బిగించి బలము పెంచజూచుట ప్రమాదము. పంపు పగులవచ్చును, గొట్టము చిట్లవచ్చును.

ప్రాణము ముఖ్యము

ట్రాలీని గాని, బురదలో దిగిన బండిని గాని, చెట్టు మొద్దును గాని టాప్ లింకు బిగించుచోట గొలుసు కట్టి లాగరాదు. వెనుక ఇరుసుకు పైనుండి లాగిన ట్రాక్టరు ముందు భాగము లేచి వెనుకకు తిరుగబడును; దూకుటకు కూడ సమయముండదు. మూడు లింకుల ఏర్పాటు తప్పించిన ప్రమాదమును మన చేతులతో మరల తెచ్చుకొనినట్లగును. క్రిందనున్న డ్రా బారుకే కట్టవలెను.

ఎత్తిన పనిముట్టు క్రిందికి దూరి కర్రు మార్చరాదు. దుంగలపై దించి, ఇంజను ఆపి, పిమ్మట చేయి పెట్టవలెను. నూనె కారుచోటును చేతితో తడుమక అట్టముక్కతో చూడవలెను. సన్నని రంధ్రమునుండి వచ్చు నూనె ధార చర్మమును చీల్చుకొని పోగలదు. అట్లు జరిగిన గాయము చిన్నదిగా కనిపించినను తక్షణమే ఆసుపత్రికి పోవలెను. పనిముట్టుపై పిల్లలను ఎక్కించుకొని పొలమునకు పోవు అలవాటు మానవలెను.

ట్రాక్టరు నడుపుటలోను, మరమ్మతులోను శిక్షణ కావలసినవారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. దున్నుటకు పోవుటకు ముందురోజు సాయంకాలము అరగంట వెచ్చించి లిఫ్టు రాడ్లు, టాప్ లింకు, చైన్లు, నూనె చూచుకొనుడు. డీజిలు ఆదా అగును, చాలు సమముగా పడును, ట్రాక్టరు నడపువాడు క్షేమముగా ఇల్లు చేరును.