మామ్మగారి ఫోన్ మామ్మగారి చేతిలోనే!

వాలంటీరింగ్ అంటే మన రీల్స్‌లో ఎలా ఉంటుంది? వృద్ధాశ్రమానికి వెళ్లడం, పళ్లు పంచడం, ఒక గ్రూప్ ఫొటో. తప్పేం లేదు. కానీ పెద్దవాళ్లకి పళ్ల కంటే ఎక్కువ అవసరమైంది ఒకటుంది. కుదురుగా పక్కన కూర్చుని ఫారం నింపించే మనిషి!

నేను విజయవాడలో బీకాం రెండో ఏడాది చదువుతున్నా. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరినవాళ్లం ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. కాలేజీకి దగ్గర్లో ఉన్న సీనియర్ సిటిజన్ల కేంద్రంలో ఆఫీసు పనికి ఒప్పుకున్నా. గంటలు ఎప్పుడో పూర్తయ్యాయి. శనివారాలు వెళ్లడం మాత్రం మానలేదు.

ఆఫీసంటే పెద్దదేం కాదు. ఒక గది, ఒక బీరువా, మూడ్ బాగుంటేనే పనిచేసే ప్రింటర్. బయట హాల్లో క్యారమ్స్, న్యూస్‌పేపర్లు, రాజకీయాలు. చందా రసీదులు రాయడం, బీపీ క్యాంపు తేదీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం, అది చూడనివాళ్లకి ఫోన్ చేసి చెప్పడం... ఇవే నా పనులు. సభ్యుల వివరాలు ఎక్సెల్‌లోకి ఎక్కిస్తూ 'అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి?' అని ఒక కాలమ్ చేర్చా. చాలామంది పక్కింటివాళ్ల నంబరు ఇచ్చారు. ఎందుకంటే, పిల్లల నంబర్లు ప్లస్ వన్‌తో మొదలవుతాయి.

నవంబరు వచ్చిందంటే...

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 ఏళ్లు దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే పింఛను ఆగిపోతుంది. ఇచ్చాక బకాయి వస్తుంది, నిజమే. కానీ మందుల షాపువాడు అప్పటిదాకా ఆగుతాడా?

దీన్ని ఆన్‌లైన్‌లో ఇచ్చేందుకు 2014లో 'జీవన్ ప్రమాణ్' వచ్చింది. వేలిముద్ర వేస్తే చాలన్నారు. అయితే వయసు మీదపడేకొద్దీ వేలి గీతలు అరిగిపోతాయి. మెషీన్ ఒప్పుకోదు. 2021 నుంచి ముఖం చూపించి ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. ఆధార్, పింఛను ఆర్డర్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు, ఫోన్‌కి వచ్చే ఓటీపీ ఉంటే ఇంట్లోంచే పని అయిపోతుంది.

మనకైతే ఐదు నిమిషాల పని. అందుకే 'ఫోన్ ఇటివ్వండి, నేను చేసేస్తా' అనాలనిపిస్తుంది. మా సెక్రటరీ గారు రిటైర్డ్ బ్యాంకు మేనేజర్. మొదటిరోజే ఆయన నాకు ఒకే ఒక్క రూలు చెప్పారు. "ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలమ్మా. ఇవాళ నువ్వు మంచిదానివని నీకు ఓటీపీ చెప్పినావిడ, రేపు తీయగా మాట్లాడేవాడెవడికైనా చెప్పేస్తుంది."

ఫ్యామిలీ పింఛను తీసుకునే మామ్మగారు ఒకరున్నారు. భర్త రైల్వేలో చేసేవారట. ఆవిడ పక్కన కూర్చుని, ఏది నొక్కాలో చూపిస్తూ చేయిస్తే నలభై నిమిషాలు పట్టింది. "కళ్లు ఆర్పండి మామ్మగారూ" అంటే రెండు కళ్లూ గట్టిగా మూసుకుని కూర్చున్నారు! నాలుగోసారికి అయింది. మెసేజ్ రాగానే కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదువుకున్నారు. "మా అబ్బాయికి చెప్పాలి, నేనే చేశానని" అన్నారు.

నెల తిరక్కుండానే ఆవిడకి ఫోన్. పింఛను ఆఫీసు నుంచట. సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండన్నాడు. ఈవిడ ఏమన్నారో తెలుసా? "మా ఆఫీసులో పిల్లే నన్ను ఓటీపీ అడగదు. నువ్వెవడివిరా?" అని పెట్టేశారు. ఆ శనివారం హాల్లో క్యారమ్స్ ఆపి మరీ అందరికీ ఈ కథ చెప్పారు.

అప్పుడు అర్థమైంది. నలభై నిమిషాల్లో అయింది ఒక్క సర్టిఫికెట్ పని కాదు. ఆవిడ డబ్బు మీద ఆవిడ అధికారం ఆవిడ చేతిలోనే నిలబడింది. మనం హడావిడిగా చేసిపెట్టే 'హెల్ప్' ఒక్కోసారి దాన్నే లాగేసుకుంటుంది.

మీరూ వెళ్తారా?

• వారానికి రెండు గంటలు చాలు. కానీ అదే రోజు, అదే టైముకి వెళ్లండి. వాళ్లు ఎదురుచూస్తారు.

• ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు మీ ఫోన్‌లో తీయకండి. పిన్, ఓటీపీ అడగకండి, వినకండి.

• స్టెప్పులు పెద్ద అక్షరాలతో తెలుగులో కాగితం మీద రాసివ్వండి. వచ్చే ఏడాది అదే పనికొస్తుంది.

• రెండు నంబర్లు వాళ్ల ఫోన్‌లో వాళ్లచేతే సేవ్ చేయించండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, సైబర్ మోసాలకు 1930.

ముందు ఇంట్లో అమ్మమ్మతోనో, తాతయ్యతోనో మొదలుపెట్టండి. ఫోన్ మాత్రం లాక్కోవద్దు!