క్రిస్మస్ నాటికి పెరటిలో ఎర్రని సాల్వియా



సెప్టెంబరు నెల రాగానే మన పల్లెలలో బంతి నారు కొరకు, చేమంతి పిలకల కొరకు వెదకుట అలవాటే. వాటి ప్రక్కనే ఒక చిన్న మడిలో సాల్వియాను కూడ వేసి చూడండని మేము కోరుతున్నాము. సెప్టెంబరు మొదటి వారములో విత్తితే, కొంచెము అటు ఇటుగా డిసెంబరులో పూత మొదలై, క్రిస్మస్ నాటికి వాకిలి ఎర్రబడుతుంది.

సాల్వియా పేరు మనకు క్రొత్త గాని, దాని బంధువులు క్రొత్త కాదు. తులసి, పుదీన, సబ్జా, ఇవన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. లేత కాండమును వ్రేళ్లతో తడిమి చూడండి, నాలుగు పలకలుగా తగులుతుంది. ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. పువ్వుకు రెండు పెదవులుంటాయి. స్వస్థతను సూచించే లాటిన్ మాట నుండి ఈ పేరు వచ్చినది. ఐరోపాలో వంటకును వైద్యమునకును వాడే సేజ్ మొక్క కూడ ఒక సాల్వియాయే.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. పేరులో స్వస్థత ఉన్నదని, దగ్గుకో జ్వరమునకో మన పెరటి సాల్వియా ఆకులను కాచి పిల్లలకు పోయకూడదు. వంటకు వాడే సేజ్ వేరొక జాతి. మనము వేసేది కంటికి ఇంపు కొరకే.

మనకు అనువైన రకములు మూడు. బ్రెజిల్ దేశము నుండి వచ్చిన ఎర్రని సాల్వియా అందరికి తెలిసినది. నీలి సాల్వియా అమెరికాలోని టెక్సాస్, మెక్సికో ప్రాంతములది; దాని కంకి మీద పిండి చల్లినట్లు తెల్లని నూగు ఉంటుంది, తేనెటీగలు దానిని విడిచిపెట్టవు. మూడవది సన్నని కంకుల ఎర్ర సాల్వియా. ఇది వేడిని బాగుగా ఓర్చుకొని, రాలిన గింజలతో తానే మరల మొలుస్తుంది. ఎర్ర పూలకు తేనెపిట్టలు కూడ వస్తాయి. జడలో పెట్టుకొనుటకు మాత్రము ఈ పూలు పనికిరావు, రేకులు త్వరగా రాలిపోతాయి.

ఎక్కువ ఇండ్లలో సాల్వియా పోయేది తోటలో కాదు, నారుమడిలోనే. డబ్బు పెట్టి కొన్న పొట్లము ఒక్క వారములో వృథా అవుతుంది. దీనికి కారణములు రెండు. మొదటిది, విత్తనమును లోతుగా పూడ్చుట. ఈ గింజ మొలకెత్తుటకు వెలుతురు కావాలి. కనుక మట్టి మీద చల్లి, అరచేతితో మెల్లగా అదిమి, తడి ఆరకుండ చూస్తే చాలును. 8 నుండి 15 దినములలో మొలకలు వస్తాయి. రెండవది, నారుకుళ్లు తెగులు. నీరు నిలిచిన చోట మొలకలు మొదలు వద్ద మెత్తబడి పడిపోతాయి. ఎర్రమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి ఎత్తైన మడి చేయండి. నీటిని ఉదయమే సన్నగా చిలకరించండి. తెగులు కనబడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడిని తడపండి.

నాలుగు నుండి ఆరు ఆకులు వచ్చిన తరువాత, సాయంకాలపు పూట, 25 లేక 30 సెంటీమీటర్ల ఎడముతో నాటాలి. నల్లరేగడి నేలలోను, అక్టోబరు, నవంబరు నెలలలో తుఫాను వానలు పడే కోస్తా ఊళ్లలోను గట్టు వంటి మడి మీదనే నాటండి. మొక్క జానెడు ఎత్తు రాకముందే తల తుంచితే ప్రక్క కొమ్మలు వచ్చి గుబురవుతుంది. పూత వారము పది దినములు వెనుకబడుతుంది గాని కంకులు ఎక్కువగా వస్తాయి. ఆలస్యముగా విత్తినవారు తల తుంచవద్దు. యూరియా ఎక్కువైతే ఆకే గాని పూవు ఉండదు. వాడిన కంకులను కత్తిరిస్తూ ఉంటే క్రొత్త కంకులు వస్తాయి. తెల్లదోమ, పేనుబంక కనబడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను, కొంచెము సబ్బు నీళ్లను కలిపి ఆకుల అడుగున తగులునట్లు చల్లండి. ఎండలు ముదిరినప్పుడు ఎర్రనల్లి వస్తుంది. మధ్యాహ్నపు నీడ, అడుగున పరచిన ఎండుటాకులు మొక్కను మరికొన్ని వారములు నిలుపుతాయి.

మరుసటి సంవత్సరము పొట్లము కొనకుండ ఉండుటకు ఫిబ్రవరిలోనే జాగ్రత్తపడాలి. పువ్వు రాలినను దాని గిన్నె కంకికే నిలిచి ఉంటుంది. ఆ గిన్నె అడుగున నాలుగు గింజల వరకు ఉంటాయి. అవి పండగానే నేలరాలిపోతాయి. కనుక గిన్నె రంగు వెలిసి ఎండుచుండగానే కంకిని కోసి, కాగితపు సంచిలో తలక్రిందులుగా వ్రేలాడదీయండి. గింజలు సంచిలోనే రాలుతాయి. వాటిని నీడలో ఆరబెట్టి మూతగల సీసాలో దాచండి. సంకర రకముల గింజలు తల్లి మొక్కను పోలి రావు గనుక, కొనేటప్పుడే అడిగి మామూలు రకమును తీసుకోండి.

ఒక మంచి మొక్క గింజలు ఒక ఇంటికి మించి వస్తాయి. మీ సీసాలో మిగిలినవి సెప్టెంబరు రాకముందే పొరుగువారికి పంచండి. నారుమడి సంగతి కూడ వారికి చెప్పి మరీ ఇవ్వండి.