ఏటి అడుగున హాజరుపట్టీ

నీళ్లు తేటగా ఉన్నాయో లేదో కన్ను చెబుతుంది. బాగున్నాయో లేదో రాళ్ల కింద బతికే పురుగులే చెప్పాలి. కాకపోతే, వాటిని ముందునుంచీ లెక్కపెట్టినవాళ్లు ఒకరుండాలి.

2013 జులై 1. ఇంగ్లండ్‌లోని మార్ల్‌బరో పట్టణానికి దిగువన కెన్నెట్ నది ఎప్పటిలాగే తేటగా పారుతోంది. పురుగుల లెక్కకోసం వల పెట్టిన స్థానిక కార్యకర్తలకు మాత్రం చచ్చిన మంచినీటి రొయ్యలు, కీటకాలు కనిపించాయి. వెంటనే పర్యావరణ అధికారులకు కబురు వెళ్లింది. పరీక్షల్లో దొరికిన విషం క్లోర్‌పైరిఫాస్. మన వరి, పత్తి రైతులకు బాగా తెలిసిన పురుగుమందే. పట్టణ మురుగునీటి శుద్ధి కేంద్రం మీదుగా అది నదిలోకి చేరిందని తేలింది. కలిసింది రెండు టీస్పూన్లంత ఉంటుందని అంచనా. దానికే దాదాపు 15 కిలోమీటర్ల మేర రొయ్యలూ కీటకాలూ తుడిచిపెట్టుకుపోయాయి.

సీసాకు చిక్కనిది

సీసాలో పట్టిన నీళ్లు ఆ నిమిషం సంగతే చెబుతాయి. రాత్రి వదిలిన విషం తెల్లారేసరికి పదిమైళ్లు దాటిపోవచ్చు. ఏటి అడుగున ఉండే పురుగులు అలా దాటిపోలేవు. మేఫ్లై పిల్లలు నెలల తరబడి, పెద్ద రకం స్టోన్‌ఫ్లై పిల్లలైతే రెండుమూడేళ్లు నీళ్లలోనే పెరుగుతాయి. ఆ కాలంలో వచ్చిన ప్రతి కష్టాన్నీ అవి భరించాలి, లేదా చావాలి.

అన్నిటి ఓర్పూ ఒకటి కాదు. స్టోన్‌ఫ్లైకి చల్లని, ఆక్సిజన్ నిండిన పారే నీళ్లు కావాలి. కైరోనమిడ్ దోమల ఎర్రని పిల్లపురుగులకు ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఊపిరాడని బురదలోనూ నెట్టుకొస్తాయి. అందుకే మురుగు కలిసిన చోట మొదటివి మాయమై, రెండోవి గుంపులుగా పెరుగుతాయి.

ఎవరికెన్ని మార్కులు?

ఈ తేడాకు బ్రిటన్ శాస్త్రవేత్తలు 1970ల చివర్లో మార్కులు కట్టారు. బీఎండబ్ల్యూపీగా పేరుపడ్డ ఆ పద్ధతిలో ఒక్కో పురుగుల కుటుంబానికి ఒకటి నుంచి పది వరకు వేస్తారు. స్టోన్‌ఫ్లై కుటుంబాల్లో చాలావాటికి 10, తూనీగలకు 8, జలగలకు 3, కైరోనమిడ్లకు 2, నీటి ఎర్రలకు 1. ఎన్ని పురుగులు దొరికాయన్నది లెక్కలోకి రాదు, ఏయే కుటుంబాలు దొరికాయన్నదే ముఖ్యం. మార్కుల మొత్తాన్ని కుటుంబాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటే ఆ ఏటి ఆరోగ్యం.

వల, తెల్ల పళ్లెం, మూడు నిమిషాలు

గాలం సరదా ఉన్నవాళ్ల కోసం బ్రిటన్‌లో 2007 నుంచి ఇంకా తేలిక పద్ధతి నడుస్తోంది. ప్రవాహానికి దిగువన వల పట్టుకుని, మడమతో మూడు నిమిషాలు అడుగును కదుపుతారు. లేచిన పురుగులు కొట్టుకొచ్చి వలలో పడతాయి. వాటిని తెల్ల పళ్లెంలో పోసి, ఎనిమిది రకాలను లెక్కించి, తిరిగి నీళ్లలో వదిలేస్తారు. ప్రతి చోటుకూ ఒక కనీస స్కోరు ఉంటుంది. అంతకంటే తగ్గితే అధికారులకు చెబుతారు. కెన్నెట్‌లో తేడా దొరికింది ఇలా లెక్క రాసే అలవాటు వల్లే. ఆ పుస్తకమే లేకపోతే, తేటనీటిని చూసి అంతా సవ్యమే అనుకునేవారు.

మన వాగుల సంగతి

మన దగ్గర విధానం లేకపోలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి బీఎండబ్ల్యూపీ పద్ధతిని భారతీయ నదులకు తగ్గట్టు మలిచింది. కుటుంబాల ఓర్పుకు 0 నుంచి 10, వైవిధ్యానికి 0 నుంచి 1 స్కోరు ఇచ్చి, నీటిని 'ఏ' నుంచి 'ఇ' దాకా ఐదు తరగతులుగా విడగొట్టింది. శుభ్రమైన నీటికి నీలం, పూర్తిగా చెడినదానికి ఎరుపు గుర్తు.

బ్రిటన్ మార్కులను ఉన్నవున్నట్టు దించుకుంటే పప్పులో కాలేసినట్టే. ద్వీపకల్పపు వెచ్చని ఏళ్లలో స్టోన్‌ఫ్లై రకాలు సహజంగానే తక్కువ. వేసవిలో ఎండిపోయే వంకకూ, ఏడాది పొడవునా పారే మన్యం గెడ్డకూ ఒకే కొలత పనికిరాదు. వరద వచ్చి వెళ్లాక కూడా పురుగులు తగ్గుతాయి. ఫలానా విషమే చంపిందని పురుగులు చెప్పలేవు, దానికి ప్రయోగశాల కావాల్సిందే. ఎప్పుడు, ఎక్కడ పరీక్షించాలో మాత్రం అవే చూపిస్తాయి.

కాబట్టి చేయాల్సిన పని ఒకటే: ఏరు బాగున్నప్పుడే లెక్క మొదలుపెట్టాలి. బడుల్లోని జాతీయ హరితదళాలు, డిగ్రీ కళాశాలల జంతుశాస్త్ర విభాగాలు తమ ఊరి వాగులో ఊరికి ఎగువన ఒక చోటు, దిగువన ఒక చోటు ఎంచుకుని, వరద లేని రోజుల్లో పెద్దల తోడుతో నెలకోసారి వల పెట్టి, దొరికినవి రాసిపెడితే చాలు. ఎగువన ఉన్న పురుగు దిగువన కనిపించని రోజు, కాలుష్యం ఎక్కడ మొదలైందో ఆ పుస్తకమే అధికారులకు చూపుతుంది. మీ ఊరి వాగుకు ఆ పుస్తకం ఈ చలికాలంలోనే తెరవండి.