పాత బెంజి, కొత్త బిల్లు

పన్నెండు పదమూడేళ్ల నాటి బీఎండబ్ల్యూ 3 సిరీసో, ఔడీ ఏ4నో ఇవాళ కొత్త మారుతీ డిజైర్ ధరకే వస్తోంది. బేరం కుదిరితే అంతకన్నా తక్కువకే. కొత్తలో అది ముప్పై లక్షలకు అటూఇటూ పలికిన కారు. అలాంటిది చవగ్గా దొరుకుతుంటే రోజూ ఆఫీసుకు అందులోనే వెళ్లాలని ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆశలో తప్పు లేదు. దాని చుట్టూ అల్లుకున్న మాటల్లోనే తిరకాసు ఉంది.

''ధర తగ్గింది, ఖర్చూ తగ్గుతుంది''

కారు ధర వయసుతో పడిపోతుంది, విడిభాగాల ధర పడిపోదు. ఆరు లక్షలకు చేతులు మారినా దానికి వేయాల్సింది ముప్పై లక్షల కారు హెడ్‌ల్యాంపే. నిర్వహణ ఖర్చును కొన్న ధరతో కాదు, షోరూమ్ ధరతో లెక్కేసుకోవాలి.

బీమా దగ్గర ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. అయిదేళ్లు దాటిన కారు విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవాలి. మరీ పాత కార్లకు 'జీరో డిప్రిసియేషన్' దొరకడం కష్టం. అది లేకపోతే క్లెయిములో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం కోత పడుతుంది. పదేళ్లు దాటితే లోహ భాగాలకూ అంతే. అద్దాలకు మాత్రం కోత లేదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో వెనక నుంచి ఆటో తగిలి బంపర్ పగిలితే, కొత్త బంపర్ ఖరీదులో సగం యజమాని జేబులోంచే పోతుంది.

''జర్మన్ ఇంజన్‌కు చావు లేదు''

ఈ మాటకు ఆధారంగా గ్రీకు టాక్సీ డ్రైవర్ గ్రెగోరియోస్ సాచినిడిస్ కథ చెబుతుంటారు. ఆయన 1976 నాటి మెర్సిడెస్ 240డీ 46 లక్షల కిలోమీటర్లు తిరిగింది, 2004లో కంపెనీ మ్యూజియానికి చేరింది. నిజమే. అయితే దారిలో ఆయన ఇంజన్లు పలుమార్లు మార్చిన సంగతి ఎవరూ చెప్పరు!

పైగా అన్ని జర్మన్ ఇంజన్లూ ఒకటి కాదు. బీఎండబ్ల్యూ 320డీ, 520డీలలో వాడిన ఎన్47 డీజిల్ ఇంజన్‌నే తీసుకోండి. 2007లో వచ్చిన ఈ ఇంజన్‌కు, ముఖ్యంగా తొలినాళ్లలో తయారైన వాటికి, టైమింగ్ చైన్ అరిగిపోవడం పేరుమోసిన జబ్బు. ఆ చైన్‌ను ముందు వైపు కాకుండా గేర్‌బాక్స్ వైపు పెట్టారు. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సో, ఇంజనో కిందికి దించాల్సిందే. తెగితే ఇంజన్ మీదే ఆశ వదులుకోవాలి. జబ్బు ముదురుతున్నప్పుడు వెనక వైపు నుంచి గరగరమనే చప్పుడు వస్తుంది, చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసినప్పుడు అది బాగా తెలుస్తుంది. అందుకే బండి చూడటానికి పొద్దున్నే వెళ్లాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. అప్పటికే వేడిగా ఉందంటే అమ్మేవాణ్ని కాస్త అనుమానించాల్సిందే.

''గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు''

కార్ల కంపెనీలు ఈ మాట చెప్పిన రోజులున్నాయి. బీఎండబ్ల్యూ, ఔడీ, జాగ్వార్‌లకు గేర్‌బాక్సులు చేసిచ్చే జెడ్ఎఫ్ సంస్థ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎనిమిదేళ్లకోసారి ఆయిల్ మార్చాలంటుంది. ఎవరి మాట వినాలో వేరే చెప్పాలా? సర్వీసు బిల్లుల్లో ఆయిల్ మార్చిన ఆనవాలు లేకపోతే ఆ ఖర్చును బేరంలోనే తగ్గించమనాలి.

''తక్కువ తిరిగిన బండే మేలు''

పన్నెండేళ్లలో పాతిక వేలే తిరిగిందంటే అది షెడ్డులో మగ్గిన బండి కావచ్చు, మీటరు వెనక్కి తిప్పిన బండీ కావచ్చు. వాడకపోయినా రబ్బరు బుష్‌లు బీటలు వారతాయి, బ్యాటరీ చస్తుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు చూడండి. '1419' అంటే 2019లో 14వ వారంలో తయారైంది. దారాలు పైకి రాకపోయినా అది ముసలి టైరే. ఇక స్టీరింగ్ నున్నగా అరిగి, బ్రేకు పెడల్ రబ్బరు పల్చబడి ఉంటే మీటరులో అంకె ఎంత తక్కువున్నా నమ్మనక్కర్లేదు.

''షోరూమ్ తప్ప దిక్కులేదు''

ఇది సగమే నిజం. బాష్, జెడ్ఎఫ్, మాన్, హెల్లా లాంటి సంస్థలు కార్ల కంపెనీలకు ఇచ్చే భాగాల్లో చాలావాటిని తమ సొంత పేరుతోనూ అమ్ముతాయి, షోరూమ్ కన్నా తక్కువకే. మన కారు కంపెనీకి సరిపడే స్కానర్ ఉన్న మెకానిక్ దొరకడమే అసలు సమస్య. చిన్న ఊళ్లో ఉండేవాళ్లు కారు కన్నా ముందు అతన్ని వెతుక్కోవాలి.

''ఢిల్లీ బండైతే లక్షలు మిగులుతాయి''

పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలను ఢిల్లీ ప్రాంతంలో నడపరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. దాంతో అక్కడి లగ్జరీ కార్లు చవగ్గా దక్షిణాదికి రావడం పెరిగింది. అయితే ఏడాదికి మించి ఇక్కడ ఉంచితే తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా కొత్త నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఎలాగూ తప్పదు. బండి ఎంత నచ్చినా, అక్కడి ఆర్టీఏ ఇచ్చిన ఎన్ఓసీ చేతికి రాకముందే పూర్తి సొమ్ము ఇవ్వకండి.